పొట్టేళ్ళ చోయిజిల్ చూసిన మొదటి కాన్పులు

పందొమ్మిదేళ్ళు గొర్రెలు కాసిన మనిషి ఒక్కసారి కూడా గొర్రె ఈనడం చూడలేదంటే మీరు నమ్ముతారా? చెబితే నేనూ నమ్మేదాన్ని కాదు. కానీ ఆ మనిషి మా లోయలోనే, నా కళ్ళ ముందే ఉన్నాడు. పేరు చోయిజిల్. అందరూ పొట్టేళ్ళ చోయిజిల్ అంటారు.

అందులో ఆయన తప్పేమీ లేదు. మా ఖాంగై కొండల్లో ముప్పై ఏళ్ళ పాటు గొర్రెలన్నీ సర్కారు పెట్టిన సహకార సంఘానివే. సంఘం వాళ్ళు మందల్ని ఈడును బట్టి, ఆడామగను బట్టి విడదీసి తలో ఇంటికీ అప్పగించేవాళ్ళు. ఈనే గొర్రెలు ఒకరికి, పాలు మరిచిన పిల్లలు ఇంకొకరికి, విత్తులు కొట్టిన పోతులు వేరొకరికి. చోయిజిల్‌కి విత్తనపు పొట్టేళ్ళు పడ్డాయి. నాలుగు వందల పైచిలుకు పొట్టేళ్ళు, మచ్చుకి కూడా ఒక్క ఆడది లేదు. సొంతానికి ఉంచుకోనిచ్చిన నాలుగైదు గొర్రెలు కూడా వాటి మధ్య కుదరవని ఈనే గొర్రెలు కాసే భార్య అన్న గెలెగ్ మందలో ఉండేవి.

ఏటా నవంబరులో జిల్లా నుంచి టెలిగ్రాం వచ్చేది, ఫలానా తేదీన పొట్టేళ్ళను వదలండి అని. సంఘం లారీ వచ్చి వాటిని ఎక్కించుకుపోయి ఆడమందల దగ్గర దించేది. నలభై రోజులయ్యాక, చిక్కి సగమైన వాటిని తెచ్చి మళ్ళీ ఆయనకు అప్పగించేది. వసంతంలో లోయంతా పిల్లల అరుపులతో గోలగోలగా ఉంటే, ఆయన పైకొండ మీద వాటి తండ్రులకు కాపలా కాస్తుండేవాడు.

"ఇక్కణ్ణుంచి పోయాక అవి ఏం చేస్తాయో, ఆ తర్వాత ఏమవుతుందో చూడాలనిపించదా అన్నా?" అని ఒకసారి అడిగాను.

"అది గెలెగ్ బావ ప్రణాళికమ్మా. సంఘం రాసిచ్చిన నా ప్రణాళికలో లేదు," అన్నాడు, నేనేదో పక్కింటివాడి పెళ్ళాం గురించి అడిగినట్టు మొహం పెట్టి.

నా పేరు దారిమా. సంఘంలో పశువుల డాక్టరుకి సహాయకురాలిని. డాక్టరు మండల కేంద్రం దాటి వచ్చేవాడు కాదు కాబట్టి లోయలో నేనే డాక్టరమ్మని. టీకాల సంచి గుర్రానికి తగిలించుకుని గుడారం గుడారం తిరగడం నా ఉద్యోగం. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో తెలుసుకోవడం నా జబ్బు. అందుకే చోయిజిల్ నాకు అంత వింతగా కనిపించేవాడు. ఒక పొట్టేలు కొమ్ము చూసి దాని వయసు చెప్పేవాడు, నడక చూసి రేపు ఏ పొట్టేలుతో కుమ్ములాడుతుందో చెప్పేవాడు. దేని గురించి అడిగినా సగం దాకా చెప్పి ఆగిపోయేవాడు. మిగతా సగం ఎవరిదో.

ఆయనకు పదేళ్ళప్పుడు తండ్రి గొర్రెల్ని సంఘంలో కలిపేశారట. చిన్నపిల్లల్ని ఈతల దొడ్డిలోకి రానివ్వరు కాబట్టి అప్పటిదాకా ఆయన చూసిందీ లేదట. ఇరవై మూడో ఏట పొట్టేళ్ళు చేతికొచ్చాయి. ఒక్క పొట్టేలూ పోగొట్టుకోని ఏడాది జిల్లా సభలో పతకం ఇచ్చి, వేదికెక్కించి మాట్లాడమన్నారు. జీవితంలో ఆయన చేసిన ఉపన్యాసం అదొక్కటే. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి నెల పట్టిందని, గుడారం చుట్టూ తిరుగుతూ బట్టీ పట్టాడని ఆయన భార్య నోర్జ్‌మా అందరికీ చెప్పి నవ్వించేది. నోర్జ్‌మాది ఈనే గొర్రెలు కాసే ఇల్లు. పొట్టేళ్ళు అక్కడికి లారీలో వచ్చేవి, లారీలో పోయేవి, వాటి తేదీ సంగతి జిల్లాదే. పిల్లను దగ్గరికి రానివ్వని తల్లిగొర్రెకి పాట పాడి పాలు చేపించడంలో మా లోయలో ఆమెను మించినవాళ్ళు లేరు. అలాంటి మనిషిని తెచ్చి నాలుగు వందల పోట్లాట రాయుళ్ళ మధ్య పడేశారు. ఆలు లేదు చూలు లేదు, ఇక పాట ఎవరికి పాడుతుంది?

తొంభై ఒకటి వేసవిలో కాలం తిరగబడింది. సంఘం గొర్రెల్ని జనానికే పంచేస్తున్నారన్నారు. ఆగస్టులో ఒకరోజు లోయంతా దొడ్డి దగ్గర చేరి, సంఘం నాయకుడి టోపీలోంచి చీటీలు తీశారు. చోయిజిల్ దంపతులకి ఇరవై ఎనిమిది ఆడగొర్రెలు వచ్చాయి. నోర్జ్‌మా మొహం చూడాలి ఆ పూట. ఇంకా ఆ నవ్వు మొహం మీద ఉండగానే మొగుడు చేసిన పని కనిపించింది. ఆరు గొర్రెల్ని వెనక్కి ఇచ్చేసి, వాటి బదులు మూడు పొట్టేళ్ళను తీసుకొచ్చాడు. ఒకదాని పేరు పెద్దాయన, ఒకటి కోరకొమ్ము, మూడోది బూడిదోడు.

"ఆరు ఈనే గొర్రెలు పోసి మూడు తినే నోళ్ళు కొన్నావా?" అంది నోర్జ్‌మా.

"వీటిని కోతకి పంపేస్తారే. పేర్లున్నవాటిని ఎలా పంపను?"

"నాకూ పేరుంది. నన్నెప్పుడైనా అంత బాగా చూసుకున్నావా?"

దొడ్డి దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు. అందరికీ ఆడగొర్రెలే కావాలి, పొట్టేళ్ళ ఊసు ఎవరికీ అక్కర్లేదు. మిగిలిన పొట్టేళ్ళు వారం తిరక్కుండా మాంసం లారీ ఎక్కాయి.

సెప్టెంబరులో నేను వాళ్ళ గుడారానికి వెళ్ళాను. అప్పటికి నా జీతం ఆగిపోయి రెండు నెలలు. టీకాల సంచిలో టీకాలు లేవు. అయినా కాలు నిలవక తిరుగుతూనే ఉన్నాను. కుంపటి పక్కన టీ కెటిల్ కింద ఎప్పట్లాగే చదరంగా కత్తిరించిన పాత ఉన్ని గుడ్డ, నాలుగు మూలలా నాలుగు పట్టీలతో. చోయిజిల్ తల్లి పెట్టెలో దొరికిందట, ముప్పై ఏళ్ళుగా అది కెటిల్ కిందే ఉంది. ఉప్పేసిన పాల టీ తాగి బయటికొచ్చి గుర్రమెక్కాక, మంద వైపు చూశాను.

పొట్టేళ్ళు ఆడగొర్రెల మధ్యే తిరుగుతున్నాయి. వాటి పని అవి చూసుకుంటున్నాయి.

మాట నోటిదాకా వచ్చింది. ఇప్పుడు కడుపులైతే గొర్రె మోసేది అయిదు నెలలు, గడ్డిపోచ లేని చలిలో ఈనతాయి కదా అని. అంతలోనే ఇంకో ఆలోచన. పొట్టేళ్ళ తేదీ నా శాఖ కాదు, టీకాలు నా శాఖ. తేదీ చెప్పడానికి జిల్లా ఉంది. ఇదేదో కొత్త పద్ధతేమో, పైనుంచి ఎవరో చెప్పే ఉంటారు. అయినా పొట్టేళ్ళ గురించి చోయిజిల్‌కి నేను చెప్పడమేమిటి? గుర్రాన్ని కాసేపు అక్కడే నిలబెట్టి, తర్వాత తోలుకుపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

నవంబరు వచ్చింది. టెలిగ్రాం రాలేదు. పంపేవాడే లేడు. లోయలో గొర్రెలన్నీ ఎదకొచ్చాయి, పొట్టేళ్ళు లేవు. అప్పుడు గుర్తొచ్చాడు అందరికీ చోయిజిల్. మొదట వచ్చినవాడు గెలెగ్. మనిషి పెద్దవాడు, నోరు ఇంకా పెద్దది, మనసు మాత్రం మంచిదే. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"బావా, నీ పెద్దాయన్ని నలభై రోజులు నాతో పంపు. మా అమ్మాయిలు దారులు కాస్తున్నారు," అంటూ దిగాడు. దిగి మందలోకి చూశాడు. మూడు పొట్టేళ్ళూ ఆడవాటి మధ్య సన్యాసుల్లా నెమరేసుకుంటున్నాయి. గెలెగ్ నవ్వు ఆగిపోయింది. గబగబా వెళ్ళి ఒక గొర్రెను పట్టి డొక్క కింద చెయ్యి పెట్టాడు. ఇంకోదాన్ని పట్టాడు. ఇంకోదాన్ని.

"వీటిని ఎప్పట్నుంచి కలిపి ఉంచావు?"

"పంచిన రోజు నుంచి. పందొమ్మిదేళ్ళు విడదీసింది చాలు, కాపరం చేసుకోనీ అనుకున్నా."

"నీ కాపరం బంగారంగానూ! అన్నిటికీ కడుపులే. ఫిబ్రవరిలో, తెల్లనెల కొత్త సంవత్సరం పండక్కి ఈనతాయి. మైనస్ ముప్పై అయిదులో పిల్లని నాకేలోపే గడ్డకట్టి చస్తుంది. వేసవిలో పొట్టేలు పొట్టకి గుడ్డ కట్టాలని తెలీదా?"

"ఏ గుడ్డ?"

గెలెగ్ విసురుగా గుడారంలోకి వెళ్ళి, కెటిల్ ఎత్తి కింద పెట్టి, ఆ ఉన్ని గుడ్డ తెచ్చి బావ చేతిలో పెట్టాడు. "ఈ గుడ్డ. ముందు రెండు పట్టీలు, వెనక రెండు పట్టీలు. మీ అమ్మ కుట్టింది. పొట్టేలు ఎక్కినా పని కాదు. దీని మీద టీ కాచుకు తాగుతున్నావా ఇన్నేళ్ళూ?"

చోయిజిల్ ఆ గుడ్డను తిప్పి తిప్పి చూశాడు. సిగ్గుపడాలో ఆశ్చర్యపోవాలో తెలీనట్టున్నాడు. "మందలు వేరుగా ఉండేవి కదా, దీని అవసరమే రాలేదు," అన్నాడు మెల్లగా. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

గెలెగ్ అప్పటికప్పుడే ఒక దారి చెప్పాడు. తన చలికాలపు దొడ్డికి రాతిగోడలున్నాయి, ఇరవై రెండు గొర్రెల్నీ తోలుకుపోయి తానే ఈనించుకుంటాడు. మంద ఇక తనది. చెల్లెలికి, బావకి ఏడాది పొడుగునా మాంసం, పాలు తన పూచీ. బావ తన దగ్గర పొట్టేళ్ళు చూసుకోవచ్చు.

"అన్నయ్య చెప్పినట్టు చేద్దాం," అంది నోర్జ్‌మా.

"ఇవ్వను," అన్నాడు చోయిజిల్.

"ఏం తెలుసని ఇవ్వవు?"

"ఏమీ తెలీదు. అందుకే ఇవ్వను. ఇన్నేళ్ళూ సగమే చూశాను. రెండో సగం నా దొడ్లోకే వస్తుంటే ఇంకొకరి దొడ్లోకి తోలెయ్యమంటావా?"

నోర్జ్‌మా గొర్రెల్ని ఒకసారి లెక్కపెట్టింది. తర్వాత తనే షరతు పెట్టింది. మంచు కరిగేదాకా సగం పిల్లలు, అంటే పదకొండు, బతికి ఉంటే మంద తమది. ఒక్కటి తగ్గినా గొర్రెలన్నీ అన్నవి, ఇక ఆ మాట ఎత్తకూడదు. మాట ఖాయమన్న గుర్తుగా బావలిద్దరూ నశ్యం బుడ్లు మార్చుకుని ఒప్పుకున్నారు. గెలెగ్ పెద్దాయన్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను జనవరిలో నా పరుపు చుట్ట తీసుకుని వాళ్ళ గుడారానికి చేరాను. జీతం లేని మనిషిని, నన్నెవరు అడుగుతారు? ఎందుకొచ్చావని వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. చోయిజిల్ అప్పటికే పేడ గడ్డల్ని ఇటుకల్లా కోసి దొడ్డి చుట్టూ భుజాల ఎత్తు గోడ కట్టేశాడు. ఇక ప్రశ్నలు మొదలుపెట్టాడు. పిల్ల తలతో వస్తుందా, కాళ్ళతో వస్తుందా? అడ్డం తిరిగితే ఏం చెయ్యాలి? నొప్పులు గొర్రెకి తెలుస్తాయా? నేను చెప్పిందల్లా విని, ఫెల్ట్ బూటులో ఒక చేతితొడుగు దోపి, కళ్ళు మూసుకుని దాన్ని బయటికి లాగడం సాధన చేసేవాడు.

"బూటు కాస్త కదిలించు డాక్టరమ్మా. గొర్రె కదులుతుందిగా."

"కదిలిస్తా గానీ, దీనికి ఏం పేరు పెడతావు?" అనేది నోర్జ్‌మా, నవ్వాపుకోలేక.

పండగ మూడో రోజున, మాంసం కుడుములు ఆవిరి మీద ఉండగా, మొదటి గొర్రె ఈనింది. ఆయన కొత్త పట్టు అంగీతోనే పరిగెత్తాడు. జిగటగా, ఆవిరి కక్కుతూ పిల్ల చేతిలోకి జారింది. నోర్జ్‌మా ముక్కు తుడిచి తల్లి ముందు పెట్టింది. అది నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పెట్టి లేచి, పడి, మళ్ళీ లేచింది. చోయిజిల్ మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిచి చూస్తున్నాడు.

"పెద్దాయన కూడా ఇంతే ఉండేవాడా?" అన్నాడు.

"మరి? కొమ్ములతో పుడతాడనుకున్నావా?" అంది నోర్జ్‌మా. కానీ ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఆ తర్వాత రోజులు అంత బాగా లేవు. గాలి మొదలైంది. ఒక్కరోజులో నాలుగు ఈనితే రెండే మిగిలాయి. ఎండుగడ్డి సరిపోక తల్లులు బక్కచిక్కాయి, పొదుగులో పాలు లేక పిల్లల్ని తన్ని తరిమాయి. గుడారం నిండా పిల్లలే, పడుకోవడానికి మాకు చోటు లేదు. ప్రతి మొండి గొర్రె ముందూ నోర్జ్‌మా కూర్చుని పాడింది. టోయిగ్, టోయిగ్ అని మా అమ్మమ్మల నుంచి వస్తున్న పిలుపు, దాని తర్వాత ఎవరికి తోచిన మాటలు వాళ్ళవి. ఆ చలిగాలిలో పాడి పాడి ఆమెకు దగ్గు పట్టుకుంది. చోయిజిల్ చచ్చిన పిల్లల్ని ఒక్కొక్కటీ రెండు చేతులతో ఎత్తుకుని తీసుకెళ్ళేవాడు. ఆయన ప్రశ్నలు ఆగిపోయాయి. అది చూడలేక నేను పేడ ఏరడానికి పోయేదాన్ని.

మార్చి మొదటి వారానికి ఇరవై ఒక్క గొర్రెలు ఈనాయి. పది పిల్లలు బతికాయి. మిగిలింది ఒక్క గొర్రె, తొలిచూలు.

అది ఒక మధ్యాహ్నం, గాలి ఆగి ఎండ కాస్తుండగా, బాగానే ఈనింది. పిల్ల గట్టిదే. తల్లి వెనక్కి తిరిగి దాన్ని చూసి, ఇదెక్కడిదన్నట్టు తల విదిల్చి, పొదుగు దగ్గరికొస్తే తన్నింది. రెండోసారీ తన్నింది. మూడోసారి పిల్ల లేవలేదు, పడుకుండిపోయింది. జున్నుపాలు లోపలికి పోకపోతే సాయంత్రం దాకా నిలవదు. నోర్జ్‌మా వచ్చి కూర్చుని నోరు తెరిచింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నేను ప్రయత్నించాను. నా పాట విని కుక్క లేచి దూరంగా పోయింది.

నోర్జ్‌మా మొగుడి చెయ్యి పట్టుకుని గొర్రె ముందు కూర్చోబెట్టింది. "నువ్వు," అంది, పెదాలతోనే.

"నాకు పాటెక్కడిదే? పొట్టేళ్ళకి ఎవరు పాడతారు?"

ఆమె చెయ్యి వదల్లేదు. సరిగ్గా ఆ సమయానికే గెలెగ్ గుర్రం దిగడం చూశాను. ఎన్ని మిగిలాయో చూసుకోవడానికి వచ్చాడు, జీనుకి గొర్రెల్ని కట్టి తీసుకుపోయే తాళ్ళ చుట్ట కూడా ఉంది. దొడ్డి గుమ్మంలో ఆగిపోయాడు.

చోయిజిల్ టోయిగ్ టోయిగ్ అన్నాడు. ఆ రాగం మా లోయలో ఎవరికైనా వస్తుంది. తర్వాత మాట దొరకలేదు. నుదుటికి చెమట పట్టింది. చివరికి ఆయనకు కంఠతా వచ్చిన నాలుగు వాక్యాలే ఎత్తుకున్నాడు. "గౌరవనీయులైన సభకు... టోయిగ్, టోయిగ్... నాలుగు వందల ముప్పై పొట్టేళ్ళు... టోయిగ్... ఒక్కటీ పోలేదు, ప్రణాళిక నిండింది... టోయిగ్, టోయిగ్..." జిల్లా సభలో చేసిన ఉపన్యాసం! నాకు నవ్వొచ్చి పెదవి కొరుక్కున్నాను. గొర్రె చెవులు మాత్రం ఆయన వైపు తిరిగాయి. ఉపన్యాసం అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి పాడాడు. మళ్ళీ అయిపోయింది. అప్పుడు, అదే రాగంలో, ఉపన్యాసంలో లేని మాటలు వచ్చాయి.

"నాకు తెలీదు తల్లీ... టోయిగ్... తెలీక చలిలో తెచ్చాను... నీ తప్పు కాదు, దాని తప్పూ కాదు... టోయిగ్, టోయిగ్... తిట్టాలంటే నన్ను తిట్టు, దాన్ని మాత్రం చూడు..."

ఎంతసేపు పాడాడో చెప్పలేను. నీడలు జరిగాయి. గొర్రె తల వంచింది. పిల్ల తోక దగ్గర వాసన చూసింది. ఒకసారి నాకింది. నేను పిల్లను లేపి పొదుగు కింద పెట్టాను. కాలు ఎత్తింది, కానీ తన్నలేదు. తర్వాత పొదుగు చేపింది, పిల్ల తోక ఊపడం మొదలుపెట్టింది. నోర్జ్‌మా మొగుడి వీపు మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆయన గొర్రెకి చెప్పుకున్న మాటలు నేను నవంబరులోనే ఆయనకు చెప్పుకోవాల్సినవి.

గుమ్మంలో గెలెగ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "పదకొండు," అన్నాడు. "ఇంత దిక్కుమాలిన పాట నా జన్మలో వినలేదు బావా." తాళ్ళ చుట్ట అలాగే జీనుకి ఉంచుకుని, లోపలికి టీకి వచ్చాడు.

ఆ పదకొండూ నిలిచాయి. ఏప్రిల్లో మంచు కరిగాక అవి గడ్డి మీద గెంతుతుంటే చోయిజిల్ మిగతా పనులన్నీ మానేసి చూస్తూ కూర్చునేవాడు. వేసవి చివర్న నేను వెళ్ళేసరికి, కెటిల్ కింద గుడ్డ లేదు. దాన్ని ముందు పరిచి, కొలత పెట్టి, కొత్త ఉన్నితో అలాంటివి కుడుతున్నాడు. తన మూడింటికే కాదు, లోయలో కొత్తగా పొట్టేలు కొనుక్కున్న ప్రతివాడికీ. అడిగినవాడికల్లా ఒకటే మాట చెబుతున్నాడు. "తేదీ ఎవరూ పంపరు. మీ దగ్గర పచ్చిగడ్డి ఎప్పుడొస్తుందో చూసుకో. అక్కణ్ణుంచి అయిదు నెలలు వెనక్కి లెక్కపెట్టుకో. ఆ రోజు గుడ్డ విప్పు."

టీ తాగి గుర్రమెక్కాను. మంద పక్క నుంచి పోతుంటే కోరకొమ్ము పొట్ట కింద వెనక పట్టీ జారి వేలాడుతోంది. ఆగాను. నా శాఖ కాదు, నన్నెవరూ అడగలేదు.

"అన్నా, కోరకొమ్ము పట్టీ వదులైంది!" అని కేకేశాను.

చోయిజిల్ సూది పక్కన పెట్టి వచ్చి, పొట్టేలును కొమ్ముతో పట్టుకుని ఆపాడు. వంగి పట్టీ వెతుకుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"పోయినేడు కూడా ఇక్కడే ఆపావు గుర్రాన్ని. చూశాను. అప్పుడే చెప్పుంటే పోయిన పదకొండు కూడా ఉండేవి డాక్టరమ్మా."

గొంతులో కోపం లేదు. "ఉండేవన్నా," అన్నాను. గుర్రం దిగి, అవతలి వైపు పట్టీ నేను పట్టుకున్నాను.